జిల్లెళ్ళమూడి అక్కయ్యకి, ఇంకా అందరికీ

రాత్రే హైదరాబాద్ చేరాం. మా అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. మామూలు నిద్రే, పిలిస్తే పలికే నిద్ర. నాకే పట్టడం లేదు. శనివారం నుంచి సరిగ్గా పడుకోలేదు కాబట్టి వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. జిల్లెళ్ళమూడిలో మా అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు ఆదుకున్నవాళ్ళకి థాంక్స్ ఇప్పుడు రాయకపోతే రేపటి నుంచి ఆఫీసు, వంట, మందుల టైములు, ఇక రాయను. నా సంగతి నాకు తెలుసు.

ముందే ఒక మాట. జిల్లెళ్ళమూడి ఆశ్రమానికి వెళ్ళేవాళ్ళకి అమ్మ అంటే ఒక్కరే, అక్కడ భక్తులు అమ్మగా కొలిచే అనసూయమ్మ. ఇందులో ఇద్దరు అమ్మలు వస్తారు కాబట్టి నన్ను కన్నావిడని 'మా అమ్మ' అనే రాస్తాను.

మా అమ్మకి పద్నాలుగేళ్ళప్పుడు, 1973 ఏప్రిల్‌లో, అమ్మ యాభయ్యో పుట్టినరోజు స్వర్ణోత్సవానికి మా తాతయ్య తీసుకెళ్ళాడట. లక్షమందికి పైగా ఒకే పంక్తిలో భోంచేసిన రోజు అది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మా అమ్మని అడిగితే మాత్రం, గాలికి తన విస్తరి లేచిపోతుంటే తాతయ్య దానిమీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడని, అదే గుర్తుందని చెబుతుంది. ఆ తర్వాత పెళ్ళి, హైదరాబాద్, మేము. 1985 జూన్‌లో అమ్మ శరీరం వదిలినప్పుడు నేను కడుపులో ఉన్నానట, మా అమ్మ వెళ్ళలేకపోయింది. ఆ లోటు మనసులో పెట్టుకుని ఇన్నేళ్ళకి, "చూసి రావడానికి కాదే, వారం రోజులుండి పని చెయ్యాలి" అని పట్టుబట్టింది. సెలవు పెట్టి తీసుకెళ్ళాను. బాపట్ల వైపు, ఏడోమైలు దగ్గర దిగి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళాం.

మొదటి మూడు రోజులూ ఎంత బాగా గడిచాయో చెప్పలేను. అన్నపూర్ణాలయం అమ్మ 1958 ఆగస్టు 15న మొదలుపెట్టింది. అప్పటి నుంచీ వచ్చినవాళ్ళకి అన్నం పెడుతూనే ఉన్నారు. నువ్వెవరు, ఏ ఊరు, ఏ కులం అని అడగరు, వేళకి వస్తే కూర్చోబెట్టి వడ్డిస్తారు. అక్కడి సంస్కృత కాలేజీ పిల్లలు కూడా అక్కడే తింటారు, వాళ్ళ ఆకలి చూస్తే వండేవాళ్ళ మీద జాలేస్తుంది. పొద్దున్నే పూజ, నామం, ఆ తర్వాత కత్తిపీటల ముందు కూర్చోవడం. మా అమ్మకి ఇంట్లో మోకాళ్ళ నొప్పులు, అక్కడ ఏమయ్యాయో మరి. రెండు పూటలా కూరలు తరిగి, మధ్యాహ్నం మజ్జిగ బకెట్ పట్టుకుని పంక్తుల మధ్య తిరిగి, సాయంత్రం హైమాలయంలో, అంటే అమ్మ కూతురు హైమ గుడిలో, లలితా సహస్రనామానికి కూర్చునేది.

అక్కడ అందరూ అమ్మ పిల్లలే కాబట్టి ఒకరినొకరు అన్నయ్యా, అక్కయ్యా అనుకుంటారు. డెబ్భై దాటిన పెద్దాయన మా అమ్మని "అక్కయ్యా, ఆ గరిటె ఇటివ్వు" అంటే మొదట నవ్వొచ్చింది. రెండోరోజుకి నేనూ అనేస్తున్నాను. ఇబ్బంది ఏమిటంటే ఎవరి పేరూ బయటికి రాదు. ఇప్పుడు నా బాధంతా అదే. నేను ఎవరి గురించి ఇదంతా రాస్తున్నానో ఆవిడ పేరు నాకు తెలియదు.

అరవై పైనే ఉంటాయి. సన్నగా, ముదురాకుపచ్చ నేత చీర, కుడిచేతి బొటనవేలికి కత్తిపీట గీసిన పాత మచ్చ. మొదటి రోజు దోసకాయలు తరుగుతుంటే నా పక్కన కూర్చుంది. ప్రతి కాయకీ చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుని చేదు చూసి పక్కన పెట్టేది. నేను నాలుగు కాయలు చూడకుండానే గిన్నెలో వేసేశాను. "ఒక్క చేదుకాయ పడితే గుండిగంతా పోద్ది, పిల్లలు ఏం తింటారు?" అని, నేను కోసినవన్నీ మళ్ళీ తీసి ఒక్కొక్కటే రుచి చూసింది. నాకు కొంచెం కోపం వచ్చిందనే చెప్పాలి. చాదస్తం అనుకున్నాను.

శుక్రవారం నుంచి మా అమ్మకి విరేచనాలట. నాకు చెప్పలేదు. చెబితే పని చెయ్యనివ్వనని. ఎండలు చూస్తే అలా ఉన్నాయి, ఆవిడ వేసుకునే బీపీ మాత్రలో నీళ్ళు లాగేసే మందు కూడా ఉంది. శనివారం రాత్రి వాంతులు మొదలయ్యాయి. తొమ్మిదింటికల్లా మాట తడబడింది. నన్ను చూసి, "మీరెవరండీ?" అంది.

ఆ "అండీ" విని నా కాళ్ళు చల్లబడిపోయాయి. గుమ్మంలోకి వచ్చి ఏమని అరిచానో గుర్తులేదు. పది నిమిషాల్లో ఎవరో అన్నయ్య కారు తెచ్చారు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు మా అమ్మని కుర్చీతో సహా ఎత్తి దించారు. కారు కదిలేటప్పటికి వెనక సీట్లో మా అమ్మ తల తన ఒడిలో పెట్టుకుని ఆ దోసకాయల అక్కయ్య కూర్చుని ఉంది. ఎవరు రమ్మన్నారో, ఎప్పుడు ఎక్కిందో నేను చూడలేదు.

ఆసుపత్రి పేరు రాయను. ప్రైవేటుదే. లోపలికి తీసుకెళ్ళకముందు ఆధార్ అడిగారు, తర్వాత అడ్వాన్సు ముప్ఫైవేలు కట్టమన్నారు. మా ఆరోగ్యశ్రీ కార్డు తెలంగాణది, ఇక్కడ నడవదన్నారు. ఇన్సూరెన్సు ఉందంటే "అది పొద్దున్న చూస్తారు మేడమ్" అన్నారు. ఫోన్‌లో సిగ్నల్ రాక డబ్బులు వెళ్ళడం లేదు, మా అమ్మ స్ట్రెచర్ మీద గాల్లోకి చేతులు తిప్పుతోంది, కౌంటర్ అబ్బాయి తలెత్తకుండా "పేమెంట్ రాలేదండీ" అంటున్నాడు. ఆ అబ్బాయిని అనుకుని లాభం లేదు, వాడికి చెప్పినవాళ్ళు అలా చెప్పారు. కానీ చూసిన తర్వాత డబ్బు అడిగితే కట్టకుండా పారిపోతామా? కారు తెచ్చిన అన్నయ్య తన కార్డు గీకేశారు. మర్నాడు తిరిగి ఇస్తే, అంతా ఒకేసారి చూసుకుందాం లెమ్మన్నారు. ఇచ్చేశానులెండి.

రక్తపరీక్షలో సోడియం 114 వచ్చింది. 135 పైన ఉండాలట. డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల, ఓపిగ్గా చెప్పింది. ఉప్పు పడిపోతే మనిషి అయోమయంలో పడిపోతుందని, గబుక్కున పెంచితే మెదడుకి ప్రమాదమని, సెలైన్ కొద్దికొద్దిగా ఎక్కించాలని, ఒకటి రెండు రోజులు ఇలాగే మాట్లాడొచ్చని. (ఇంట్లో పెద్దవాళ్ళు బీపీ మాత్రలు వేసుకుంటుంటే, విరేచనాలో వాంతులో పట్టుకున్నప్పుడు ఒకరోజు చూద్దాంలే అనుకోకండి, వెంటనే డాక్టరుకి చెప్పండి.)

ఆ రాత్రి సంగతే అసలు రాయాలనుకున్నది.

మా అమ్మ నన్ను గుర్తుపట్టడం లేదు. నేను మంచం పక్కన నిలబడి, "నేనమ్మా, నీ కూతుర్ని, ఇది ఆసుపత్రి, సోడియం తగ్గింది" అని పదేపదే చెబుతున్నాను. చెప్పినకొద్దీ ఆవిడ భయపడిపోతోంది, సూది పీకేసుకోబోతోంది. నర్సు చేతులు కట్టేద్దామంది. అప్పుడు అక్కయ్య నన్ను కొంచెం పక్కకి జరిపి, మంచం అంచున కూర్చుంది. మా అమ్మ ఆవిడ మొహంలోకి చూసి, "అమ్మా, ఆకలేస్తోందే, అన్నం పెట్టవే" అంది.

మా అమ్మమ్మ పోయి ముప్ఫై ఏళ్ళు.

అక్కయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెడతా తల్లీ, ఉడుకుతోంది. వార్చగానే పెడతా, అందాకా కాసేపు పడుకో" అంది.

మా అమ్మ కొంచెం సర్దుకుంది. మళ్ళీ, "కూరేంటి?"

"దోసకాయ పప్పు."

"చేదు చూశావా?"

"చూశాను లేమ్మా."

కొంతసేపటికి, "తమ్ముడికి పెట్టావా?" అంది మా అమ్మ.

మా మావయ్య పోయి మూడేళ్ళయింది. అక్కయ్యకి ఆ సంగతి తెలిసే దారే లేదు. "వాడు తిని పడుకున్నాడు. నువ్వే మిగిలావు" అంది.

నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. మావయ్య పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను నిజం చెప్పి చెప్పి మా అమ్మని హడలగొడుతున్నాను, అక్కయ్య ఆకలితో ఉన్న పిల్లకి జవాబు చెబుతోంది. ఆ తేడా అక్కడ నిలబడి చూస్తేగానీ నాకు తెలిసిరాలేదు. తెల్లవారేదాకా అదే నడిచింది. అన్నం ఉడుకుతూనే ఉంది, అమ్మ వారుస్తూనే ఉంది, తమ్ముడు తిని పడుకునే ఉన్నాడు. యాభైసార్లు అడిగి ఉంటుంది. యాభైసార్లూ అక్కయ్య మొదటిసారి విన్నట్టే చెప్పింది. చేతులు కట్టే అవసరం రాలేదు.

నేను ఎప్పుడు పడుకున్నానో తెలియదు, నేల మీదే. ఆరింటికి లేచి చూస్తే మా అమ్మ ఒంటిమీద ఆసుపత్రి గౌను, రాత్రి వాంతులు, విరేచనాలతో పాడైపోయిన చీర ఎక్కడా కనబడలేదు. వరండా చివర కమ్మీల మీద ఆరేసి ఉంది. పిండి, దులిపి, అంచులు సాపుచేసి ఆరేసింది. మన సొంతవాళ్ళకి చెయ్యడానికే ముక్కు మూసుకునే పని అది. నేను అక్కడ ఉండి, కూతుర్నై ఉండి, నిద్రపోతుంటే ఆవిడ చేసింది. "లేపొచ్చు కదా అక్కయ్యా" అంటే, "నీకు మళ్ళీ రాత్రికి ఓపికుండాలిగా" అంది. అంతే.

మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళిపోయింది, వంటకి మనుషులు తక్కువున్నారని. రాత్రికి క్యారియర్‌తో మళ్ళీ వచ్చింది. పెరుగన్నం, నిమ్మకాయ. మూడు రాత్రులూ అంతే, పగలు అక్కడ తరగడం, రాత్రి ఇక్కడ కూర్చోవడం. మూడోరోజు పొద్దున మా అమ్మ నన్ను పేరుపెట్టి పిలిచి, "కాఫీ తాగావా?" అని అడిగింది. తర్వాత అక్కయ్య వైపు తిరిగి, "మీరెవరండీ?" అంది. అక్కయ్య ఎంత నవ్విందో.

నేను బుద్ధిలేక బయల్దేరే ముందు కవరులో కొంత డబ్బు పెట్టి ఇవ్వబోయాను. ఆవిడ ముఖం చూసి నాకు సిగ్గేసింది. కోపం కాదు, నొచ్చుకుంది. కాసేపయ్యాక తనే, "పిడికెడు బియ్యం తెలుసా నీకు?" అంది. రోజూ వంటకి ముందు ఒక పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి, పోగైనవి అన్నపూర్ణాలయానికి పంపడం, అమ్మ చెప్పిన పద్ధతే. "అది చెయ్యి. నా పేరు మీద కాదు, మీ అమ్మ పేరు మీద." పేరు అడిగితే, "అక్కయ్య అని పిలిచావుగా మూడు రోజులు, ఇప్పుడేమొచ్చింది" అని ఆటో ఎక్కించింది.

అక్కయ్యా, మీరు ఇలాంటివి చదవరని తెలుసు. చదివే అన్నయ్యలెవరైనా ఉంటే కాస్త వినిపించండి. బొటనవేలి మచ్చ గుర్తు. దోసకాయల రోజు మనసులో చాదస్తం అనుకున్నందుకు క్షమించమన్నానని కూడా చెప్పండి.

మా ఆయన రాత్రికి రాత్రి కారు వేసుకుని వచ్చారు, మా సొంత అన్నయ్య, వదిన డబ్బులు సర్దారు, పిల్లల్ని అత్తయ్య చూసుకున్నారు. వీళ్ళకి ఇక్కడ థాంక్స్ చెబితే తిడతారు, కాబట్టి చెప్పను.

డిశ్చార్జి సంగతి వదిలేద్దామనుకున్నాను గానీ వదల్లేకపోతున్నాను. పొద్దున పదింటికి ఇంటికి వెళ్ళొచ్చన్నారు. ఇన్సూరెన్సు ఓకే రావడానికి రాత్రి ఏడయింది. ఆ తొమ్మిది గంటల మంచం అద్దె మళ్ళీ బిల్లులో వేశారు. క్యాష్‌లెస్ అని పేరు, చివరికి మేము కట్టింది పద్దెనిమిది వేలు. వీల్‌చైర్ తోసినందుకు రెండొందలు వేరే. డబ్బున్నవాళ్ళం, ఏదో కట్టాం. మా వెనక కౌంటర్ దగ్గర ఒకాయన చెవిపోగులు గుడ్డలో చుట్టి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏమయ్యాడో.

సరే. ఇంకా ఎవరెవరు... కారు తెచ్చిన అన్నయ్యకి, కుర్చీ మోసిన ఇద్దరు కుర్రాళ్ళకి (ఒకబ్బాయికి మర్నాడు పరీక్షట, రాశాడో లేదో), సోడియం గురించి విసుక్కోకుండా నాలుగుసార్లు చెప్పిన డాక్టరమ్మాయికి. అన్నపూర్ణాలయం వంటవాళ్ళకి, మూడు రోజులు క్యారియర్ కట్టారు. రాత్రి నర్సుకి కూడా, మొదట కట్టేద్దామంది గానీ తర్వాత తనే అక్కయ్యకి దుప్పటి తెచ్చి ఇచ్చింది. అయ్యో, రెండింటికి షట్టర్ తీసి మందులిచ్చిన షాపాయన! ఆయన్ని ఎలా మర్చిపోయాను. చిల్లర లేదంటే రేపివ్వండి అన్నాడు.

ఇందాక బియ్యం కడిగేముందు ఖాళీ హార్లిక్స్ సీసాలో మొదటి పిడికెడు వేశాను. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, "నీ పిడికిలి చిన్నది, ఇంకో రెండు గింజలు వెయ్యి" అంది.

ఇంకొకరు మిగిలిపోయారు. ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ తాత. పేషెంటుకి ఒక్కరే ఉండాలని రూలు, రోజూ రాత్రి అక్కయ్య క్యారియర్‌తో వచ్చినప్పుడల్లా ఆయన అటు తిరిగి బీడీ వెలిగించుకునేవాడు. తాతా, మీకు కూడా.