ఎవరి మాట చెల్లుతుంది?

సంపాదకులకు నమస్కారం.

టీవీలో వచ్చే సూపర్‌హీరో కథల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నాయికల సంఖ్య పెరిగింది కాబట్టి ఆ కథల్లో ఆడవాళ్లకు సమానత్వం వచ్చినట్టేనని వ్యాసకర్త తేల్చేశారు. ఆ మాటతో ఏకీభవించలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కథలో ఎవరి మాట చెల్లుతోంది, ఎవరి మాటను జనం నమ్ముతున్నారు అని చూస్తేనే అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుస్తుందని నా అభిప్రాయం.

1975లో అమెరికాలో మొదలైన ‘వండర్ ఉమన్’ ధారావాహికను తీసుకోండి. లిండా కార్టర్ పోషించిన ఆ యోధురాలు తుపాకీ గుళ్లను చేతి కడియాలతో ఆపగలదు. అయినా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నడిచే మొదటి సీజన్‌లో ఆమె మారుపేరుతో చేసేది ఒక సైనికాధికారి దగ్గర కార్యదర్శి ఉద్యోగం. ఆయన్ని ఆపదలోంచి కాపాడి వచ్చి, మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని ఆయన కింద పనికి కూర్చుంటుంది. అంత బలం ఉన్నా ఆఫీసులో ఆమె స్థానం మారలేదు.

బలానికీ అధికారానికీ మధ్య ఉన్న ఈ తేడాను నాకు తెలిసినంతలో అన్నిటికంటే లోతుగా పట్టుకున్నది 2015 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘జెస్సికా జోన్స్’. దాన్ని రూపొందించింది మెలిస్సా రోసెన్‌బర్గ్. న్యూయార్క్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతికే జెస్సికా కదిలే కారును ఆపగలిగిన మనిషి. ఆమెకు ఎదురు నిలిచిన కిల్‌గ్రేవ్‌కు అలాంటి కండబలం ఏమీ లేదు. అతను నోటితో చెబితే చాలు, విన్నవాళ్లు చేసి తీరతారు. ఇంట్లోనో ఆఫీసులోనో ఒకరి నోటిమాటే శాసనంగా నడిచిన చోట బతికినవాళ్లకు ఈ శక్తిని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. ఆ మాటతోనే ఒకప్పుడు జెస్సికానూ లోబరుచుకున్నాడు. ఖరీదైన హోటళ్లలో ఉంచాను, మంచి మంచి చోట్ల భోజనం పెట్టించాను, ఇందులో అత్యాచారం ఎక్కడుందని అతను జెస్సికాను నిజంగానే ఆశ్చర్యపోతూ అడుగుతాడు. వాటిలో ఏ ఒక్కటీ తాను కోరుకోలేదని ఆమె ముఖం మీదే చెబుతుంది. చెల్లెలికి జరిగిన ఘోరాన్ని అన్న పగకు నిప్పు రాజేయడానికి మాత్రమే వాడుకున్న మన పాత సినిమాలు చూస్తూ పెరిగిన నాకు, అత్యాచార దృశ్యాన్ని ఒక్కసారీ తెరకెక్కించకుండా దాని గాయాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన ఆ మొదటి సీజన్ కళ్లు తెరిపించింది.

ముఖ్యంగా ఆ నవ్వు సంగతి. జెస్సికా పొరుగింటి కుర్రవాడు మాల్కమ్‌ను వదిలేయాలంటే రోజూ ఉదయం 10 గంటలకు నవ్వుతూ దిగిన ఫొటో పంపాలని కిల్‌గ్రేవ్ షరతు పెడతాడు. ఆమె పళ్లు బిగపట్టి, ఫోను ఎత్తి, ఆ నవ్వును పంపుతుంది. ఆ దృశ్యం దగ్గర నేను చూడటం ఆపేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. బ్యాంకు కౌంటరులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. ‘కాస్త నవ్వుతూ చెయ్యొచ్చు కదమ్మా’ అన్న మాట ఖాతాదారుల నుంచీ, పై అధికారుల నుంచీ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పక్క కౌంటరులో రోజంతా ముఖం ముడుచుకుని నోట్లు లెక్కపెట్టే మగ సహోద్యోగిని ఆ మాట అన్నవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఈ కథలో చట్టం కూడా నిస్సహాయంగానే నిలబడుతుంది. కిల్‌గ్రేవ్ ఆజ్ఞకు లోబడి కన్న తల్లిదండ్రులనే కాల్చిన హోప్ అనే అమ్మాయి జైలు పాలవుతుంది. తన చేయి తన మాట వినలేదని ఆమె ఎంత మొత్తుకున్నా నమ్మేవాళ్లు కరవవుతారు. ఆమె తరఫు న్యాయవాది హోగార్త్ పేరుమోసిన మహిళ, మూలమైన మార్వెల్ కామిక్ పుస్తకాల్లో మగవాడిగా ఉన్న పాత్ర. ఈమె తన భార్య చేత విడాకుల కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి ఆ కిల్‌గ్రేవ్ సాయమే కోరుతుంది. ఆడదాని చేతికి వచ్చినంత మాత్రాన అధికారం మెత్తబడదన్న ఈ నిజాన్ని కూడా దాచకపోవడం వల్లనే ఈ కథ మీద నాకు గౌరవం పెరిగింది.

లోపం లేదని అనను. నల్లజాతి పాత్రలైన రీవా (కిల్‌గ్రేవ్ ఆజ్ఞ వల్ల జెస్సికా చేతిలో చనిపోయిన స్త్రీ), మాల్కమ్‌ల బాధ చాలా చోట్ల జెస్సికా అపరాధ భావాన్ని చూపించడానికే ఉపయోగపడింది, వాళ్ల కథ వాళ్లదిగా నిలవలేదు. ఇక వ్యాసకర్త చెప్పిన సంఖ్యలకు విలువ బొత్తిగా లేదనీ నేను అనడం లేదు. 2018 మార్చి 8న విడుదలైన రెండో సీజన్‌లో 13 భాగాలకూ మహిళలే దర్శకత్వం వహించారు. కెమెరా వెనక ఎవరి మాట చెల్లుతోందో చెప్పే లెక్క కనుక అది నాకు ముఖ్యమే.

కిల్‌గ్రేవ్ బాధితులు ఒకచోట చేరే సన్నివేశం ఇంకా మనసులో ఉంది. అతనికి డ్రైవరుగా పనిచేయాల్సి వచ్చి, కన్నకొడుకును రోడ్డు పక్కన వదిలేసి వెళ్లిన తండ్రి ఆ సంగతి చెబుతాడు. అడ్డు తగలకుండా, అలా ఎందుకు చేశావని నిలదీయకుండా మిగతావాళ్లు వింటారు. ఈ ధారావాహికల మీద మరో వ్యాసం వేయించేటట్లయితే, నాయికలను లెక్కపెట్టే ముందు ఇలాంటి సన్నివేశాల దగ్గర కాసేపు ఆగమని రచయితకు చెప్పవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
గుంటూరు