వాల్వు కాయిల్‌కు ప్లస్సూ మైనస్సూ ఉంటాయా?

మస్కట్,
శుక్రవారం

తమ్ముడూ,

నాయన ఫోన్‌లో అంతా చెప్పాడు. నిమ్మతోటలో డ్రిప్పు వాల్వు తెరుచుకోవడం లేదని, నువ్వు దాన్ని కరెంటుతో తెరిచే కాయిల్ తీగలు తిరగేసి కలిపినందుకే అది కాలిపోయిందని పొదలకూరు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ తేల్చేశాడని, దానికి నువ్వు టెన్షన్ పడి అన్నం కూడా సరిగ్గా తినడం లేదని. ముందు అన్నం తినరా. నువ్వు పంపిన ఫొటోలో కాయిల్ మీద 24 వోల్టులు, ఏసీ అని స్పష్టంగా ఉంది. ఏసీ కరెంటు మన దగ్గర సెకనుకు 100 సార్లు తనంతట తానే దిక్కు మార్చుకుంటుంది, ఇక నువ్వు కొత్తగా తిరగేసేదేముంది? ఆ రెండు తీగల్లో ఏది ఎక్కడ కలిపినా ఒకటే.

మరి డీసీ, అంటే బ్యాటరీ లాగా ఒకే దిక్కున పారే కరెంటు అయితేనో అంటావు. మామూలు కాయిల్ అయితే అప్పుడూ ఫరవాలేదు. లోపల ఉండేది ఎనామిల్ పూసిన సన్నటి రాగి తీగ చుట్ట, దాని మధ్యలో గొట్టం, గొట్టంలో ప్లంజర్ అనే జారే ఇనప కడ్డీ, దాన్ని వెనక్కి నెట్టే స్ప్రింగు, అంతే. కరెంటు పారితే చుట్ట అయస్కాంతమై ప్లంజర్‌ను లోపలికి లాగుతుంది, ఆగితే స్ప్రింగు నెట్టేస్తుంది. పదో తరగతిలో సోలినాయిడ్, అంటే ఇట్లాంటి తీగ చుట్ట పాఠం చదివాం కదా, కుడిచేయి వేళ్లు చుట్టి, ఉత్తర ధ్రువం ఏ వైపో చెప్పమని పరీక్షలో అడుగుతారు, దాంతో దిక్కు మారితే అంతా మారిపోతుందని బుర్రలో పడిపోతుంది. ధ్రువాలు మారేది నిజమే. 1820లో ఓయర్‌స్టెడ్ తీగ పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు కూడా కరెంటు తిరగేస్తే రెండో వైపుకు తిరిగింది. కానీ ఆ ముల్లు తానే ఒక అయస్కాంతం. మన ప్లంజర్ ఉత్త మెత్తటి ఇనుము, దానికి సొంత ధ్రువాలు లేవు, ఉత్తరమైనా దక్షిణమైనా లాగితే వస్తుంది. లాగబడేది అయస్కాంతమా, ఉత్త ఇనుమా అన్నదే చూసుకోవాలి.

అందుకే బ్యాటరీ డబ్బాతో నడిచే వాల్వులు వేరు. వాటిలో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. ఒక వైపు క్షణకాలం కరెంటు ఇస్తే ప్లంజర్ తెరుచుకుని అయస్కాంతం పట్టుతో అట్నే ఉండిపోతుంది, మూయాలంటే తిరగేసి ఇవ్వాలి. బ్యాటరీ ఆదా చేయడానికే ఈ ఏర్పాటు. అక్కడ ఎర్ర తీగ, నల్ల తీగ మారిస్తే కాయిల్ కాలదు గానీ తెరవమంటే మూస్తుంది, మూయమంటే తెరుస్తుంది.

ఇంకోటి, ఇందుకూరుపేటలో మామ రొయ్యల గుంటల దగ్గర జనరేటర్‌కు డీజిల్ ఆపే 12 వోల్టుల డీసీ కాయిల్ ఉంది చూడు, అట్లాంటివాటిలో కొన్నిటికి లోపలే డయోడ్, అంటే కరెంటును ఒక వైపే పోనిచ్చే ముక్క, పెడతారు. కాయిల్‌కు కరెంటు ఆపిన క్షణంలో అందులోని అయస్కాంత శక్తి ఎటూ పోలేక పెద్ద వోల్టేజీగా ఎగదన్నుతుంది, 12 వోల్టుల కాయిలే వందల వోల్టులు కొట్టగలదు, ఆ దెబ్బకు స్విచ్చులూ బోర్డులూ పోకుండా డయోడ్ దాన్ని చుట్టలోనే తిప్పి చల్లారుస్తుంది. దాన్ని తిరగేసి కలిపితే కరెంటు డయోడ్‌లోంచి నేరుగా పారి షార్టు అవుతుంది, ఫ్యూజు పోతుంది లేదా డయోడే పోతుంది. కాబట్టి కాయిల్ మీద ప్లస్, మైనస్ గుర్తులున్నా, తీగలు ఎరుపూ నలుపూ అయినా మాట వినాలి. రెండు తీగలూ ఒకే రంగైతే చాలావరకు దిగులు లేనట్టే.

మరి నీ వాల్వు ఎందుకు తెరుచుకోలేదు? నా అనుమానం ఇసక మీద. చిన్న ప్లంజర్ అంత నీటి ఒత్తిడిని ఎత్తలేదు, అది తెరిచేది చీపురుపుల్లంత రంధ్రం, పెద్ద పని నీటి ఒత్తిడే నీటిదారిని మూసి ఉంచే రబ్బరు పొరను, డయాఫ్రమ్‌ను, ఎత్తి చేస్తుంది. మన బోరు నీళ్లలో సన్నిసక ఆ రంధ్రంలో కూరుకుంటే కాయిల్ ఎంత బాగున్నా లాభం లేదు. ప్లంజర్ సగంలో ఇరుక్కుంటే ఇంకా చేటు: ఏసీ కాయిల్‌లో ప్లంజర్ పూర్తిగా లోపలికి వచ్చాకే కరెంటు తగ్గుతుంది, రాకపోతే ఎక్కువ కరెంటు పారుతూనే ఉండి కాయిల్ నిజంగానే కాలుతుంది. లో వోల్టేజీలో మన మోటారు స్టార్టర్ గుయ్యిమని అరిచి కాయిల్ మాడ్చుకునేదీ ఇందుకే. ఏసీ కాయిల్‌కు 24 వోల్టులే కదా అని డీసీ ఇచ్చినా అదే గతి.

ఇట్లా చెయ్యి. తీగలు ఊడదీసి మల్టీమీటర్‌తో ఓములు చూడు. 20, 60 మధ్య ఏదో ఒకటి చూపిస్తే కాయిల్ బతికే ఉంది. ఏమీ చూపించకపోతే తీగ తెగింది, సున్నా దగ్గరుంటే లోపల షార్టయింది. బాగుంటే నీళ్లు కట్టేసి కాయిల్ విప్పు, ప్లంజర్, స్ప్రింగు కడుగు, రంధ్రం శుభ్రం చెయ్యి. ప్లంజర్ బయట ఉన్నప్పుడు మాత్రం కరెంటు ఇవ్వొద్దు. బిగించేటప్పుడు వాల్వు ఒంటి మీద బాణం గుర్తు చూసుకో, అది నీళ్లు పారే దిక్కు. నిజానికి ఆ వాల్వుకు తిరగేయకూడనిది ఏదైనా ఉందంటే అదే, తీగలు కాదు.

కొత్త కాయిల్ కొనక తప్పకపోతే పాతదాన్ని వెంట తీసుకుపో, వోల్టులూ ఏసీ అన్న మాటా రెండూ సరిపోవాలి. డబ్బులు నాయనను అడగొద్దు, నేను పంపుతాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్టుందో విడిగా రాయి, నాయనను అడిగితే అంతా బాగుందనే అంటాడు.

నీ అన్న