షట్టర్ మీద ఎర్ర గీత: మా కస్టమర్లకు తెలియజేయునది

రోడ్డు వెడల్పు కోసం మున్సిపాలిటీ వాళ్లు మెయిన్ రోడ్డు మీద బస్టాండ్ నుంచి గాంధీ విగ్రహం దాకా రెండు వైపులా షాపులకు ఎర్ర గీతలు గీసి, పక్కన మీటర్ల లెక్క రాసి వెళ్లారు. మన జిరాక్స్, డీటీపీ, దస్తావేజుల షాపుకూ పడింది. 2.4 మీటర్లు, అంటే దాదాపు 8 అడుగులు. ఈ వారం షాపుకు వచ్చినవాళ్లు అడుగుతున్నవి రెండే. షాపు ఉంటుందా? మా షాపుకూ గీత పడింది, మేమేం చేయాలి? రెండింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాం.

షాపు ఉంటుంది. సోమవారం నుంచి జిరాక్స్, లామినేషన్, ప్రింటవుట్లు పక్క సందు వైపు తలుపు దగ్గర. దస్తావేజు డ్రాఫ్టింగ్ లోపలి గదిలోకి మారుతుంది, ఒక రోజు ఆలస్యం కావచ్చు. రేట్లు మారవు.

ముందుగా మా లెక్క ఉన్నది ఉన్నట్టు చెప్తాం. గీతలో ఉన్న 8 అడుగులూ మావి కావు. మా దస్తావేజులో స్థలం 18 అడుగుల ముఖం, 42 అడుగుల లోతు. షట్టర్ ముందు మురికి కాలువ మీద వేసిన రెండున్నర అడుగుల ర్యాంపు, దాని పైన రేకు ఆ 42 అడుగుల్లో లేవు. అవి రోడ్డువే. వాటిని మేమే తీసేస్తున్నాం, వాటికి పైసా అడగం. మిగతా ఐదున్నర అడుగులు రిజిస్టర్డ్ దస్తావేజు ప్రకారం మా స్థలం. 18 అడుగుల ముఖానికి అది 99 చదరపు అడుగులు, సరిగ్గా 11 గజాలు. మున్సిపాలిటీ వాళ్లు కొలత ర్యాంపు అంచు నుంచి పట్టారు కాబట్టి గీత చూస్తే అంతా ఒకే ముక్కలా కనిపిస్తుంది. చట్టం దృష్టిలో అవి రెండు వేరు ముక్కలు. ఒకటి ఆక్రమణ, రెండోది భూసేకరణ. మొదటి దానికి డబ్బు రాదు, రెండో దాన్ని డబ్బు ఇవ్వకుండా ముట్టుకోవడానికి లేదు. ఈ రెండింటినీ విడదీయని చోటే జనం నష్టపోతున్నారు.

గీత నోటీసు కాదు. మాస్టర్ ప్లాన్‌లో 80 అడుగుల రోడ్డు అని రాసి ఉన్నా, మైకులో చాటినా నోటీసు కాదు. రాజ్యాంగంలో మొదట ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండేది. 1978 నాటి 44వ సవరణ 19(1)(ఎఫ్), 31 అధికరణాలను తీసేసి 300-ఎ అధికరణను పెట్టింది. 1979 జూన్ 20 నుంచి అదే అమల్లో ఉంది. అందులో ఉన్నది ఒకే వాక్యం: చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ వారి నుంచి తీసుకోకూడదు. ఇక్కడ చట్టం అంటే పార్లమెంటో శాసనసభో చేసిన చట్టం. ఆఫీసర్ నోటిమాటో, సమావేశం తీర్మానమో దానికి సరిపోదు. ప్రాథమిక హక్కు పోవడం వల్ల వచ్చిన తేడా ఏమిటంటే, 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. 226 కింద హైకోర్టుకు వెళ్లే దారి అలాగే ఉంది.

ఆ ఒక్క వాక్యంలో ఏమేం ఇమిడి ఉన్నాయో 2024 మే 16న సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. కోల్‌కతాలో నార్కెల్‌డాంగా నార్త్ రోడ్డులోని ఒక స్థలాన్ని పార్కు కోసమని కార్పొరేషన్ తనదిగా రాసుకుంది. అధికారం ఎక్కడిదంటే మున్సిపల్ చట్టంలోని 352వ సెక్షన్ చూపించింది. ఏ స్థలం కావాలో నిర్ణయించుకోవడానికే ఆ సెక్షన్ పనికొస్తుంది, తీసుకునే పద్ధతి అందులో లేదని కోర్టు తేల్చి, కార్పొరేషన్ అప్పీలు కొట్టేసి 5 లక్షల ఖర్చులు కూడా వేసింది. ఆ తీర్పు ఏడు హక్కులు లెక్కపెట్టింది: నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, ప్రజా ప్రయోజనానికే తీసుకోవాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, సాగదీయకుండా త్వరగా నడపాలి, చివరికి స్వాధీనం దాకా ప్రక్రియను పూర్తి చేయాలి. అర్జీ రాసేటప్పుడు మేము ఈ ఏడింటినీ వరుసగా ముందు పెట్టుకుని, ఏది జరగలేదో దాని కిందే పేరా రాస్తాం. "అన్యాయం జరిగింది, దయచేసి కాపాడండి" అని రాసిన అర్జీ ఫైల్లో పడి ఉంటుంది. "ఫలానా తేదీ దాకా రాతపూర్వక నోటీసు అందలేదు" అని రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

మన రోడ్డుకు ఇంకా దగ్గరి తీర్పు 2024 నవంబర్ 6న వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్‌లో 2019లో రహదారి వెడల్పు పేరుతో ఒక ఇల్లు కూల్చారు. అధికారులు చెప్పిన ఆక్రమణ 3.70 మీటర్లు. కూల్చింది అంతకు మించి. రాతపూర్వక నోటీసు లేదు, డప్పు చాటింపే. బాధితుడికి 25 లక్షలు చెల్లించమని ఆదేశించిన కోర్టు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు నడవాల్సిన వరుసను కూడా రాసి అన్ని రాష్ట్రాలకూ పంపమంది. రికార్డుల ప్రకారం ఇప్పుడున్న రోడ్డు అసలు వెడల్పెంతో తేల్చాలి. ఆ రికార్డు, మ్యాపులతో సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉంటే రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వస్తే విని, కారణాలు చూపే ఉత్తర్వు ఇవ్వాలి. తిరస్కరిస్తే తొలగించుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. రోడ్డుకు ఉన్న సర్కారు జాగా వెడల్పుకు చాలకపోతే, మిగతాది చట్ట ప్రకారం సేకరించాకే పని మొదలుపెట్టాలి.

అందరూ "15 రోజుల నోటీసు" అంటున్నారు. అది అదే నెల 13న కూల్చివేతల మీద వచ్చిన వేరే తీర్పు. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు అది వర్తించదని అందులోనే ఉంది. మీ ర్యాంపు కోసం దాన్ని పట్టుకుని కూర్చోకండి. నవంబర్ 5న తొమ్మిది మంది జడ్జీల బెంచ్ ఇచ్చిన తీర్పు కూడా రోడ్డు వెడల్పును ఆపదు. ప్రతి ప్రైవేటు ఆస్తీ 39(బి) అధికరణ చెప్పే సమాజ వనరు కిందికి రాదని మాత్రమే అది చెప్పింది.

ఇక కాగితాలు. రోడ్డు అసలు వెడల్పు ఎంత అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. దానికి పనికొచ్చే కాగితం చాలామంది బీరువాలోనే ఉంటుంది: పాత దస్తావేజులోని హద్దులు. "తూర్పు: 30 అడుగుల మున్సిపల్ రోడ్డు" అని 1985 దస్తావేజులో ఉంటే, ఆనాటి రోడ్డు 30 అడుగులేనని చెప్పే రిజిస్టర్డ్ కాగితం మీ చేతిలో ఉన్నట్టే. ఎదురు షాపు వాళ్ల దస్తావేజు కూడా కలిపి చూడండి. రెండింట్లో ఒకే వెడల్పు ఉంటే బలం రెట్టింపు. లింక్ డాక్యుమెంట్లన్నీ (మీకంటే ముందు ఓనర్ల పాత దస్తావేజులు) తీయండి, ఎందుకంటే కొత్త దస్తావేజుల్లో "రోడ్డు" అని మాత్రమే రాసి వెడల్పు వదిలేస్తుంటారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. వాటితో పాటు ఇంటి పన్ను రసీదులు, పర్మిషన్ ప్లాన్, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్స్ ఒక సెట్ చేయండి. గ్రామకంఠంలో ఉన్న పాత షాపులకు సర్వే నంబరులో విడి కొలతలు ఉండవు. వాళ్లకు పాత పన్ను రసీదులు, దస్తావేజు హద్దులే దిక్కు, వాటిని ఎక్కువ జాగ్రత్తగా ఏరండి.

దీంతో పాటే సమాచార హక్కు కింద మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "నా షాపు ఎందుకు తీస్తున్నారు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డే. కాబట్టి రికార్డే అడగాలి: రికార్డులో ఉన్న రోడ్డు వెడల్పు, ప్రతిపాదిత వెడల్పు, రోడ్డు మధ్య గీత గుర్తించిన సర్వే నక్షా నకలు, ఏ చట్టం ఏ సెక్షన్ కింద మార్కింగ్ చేశారో ఆ ఉత్తర్వు నకలు. కొలత ఏ బిందువు నుంచి పట్టారన్నది తప్పకుండా చూడండి. షట్టర్ నుంచి పట్టారా, ర్యాంపు అంచు నుంచా, రోడ్డు మధ్య నుంచా? మా విషయంలో రెండున్నర అడుగుల తేడా అక్కడే తేలింది.

సేకరణ మొదలైతే నడిచేది 2013 భూసేకరణ చట్టం. 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో, 15వ సెక్షన్ కింద కలెక్టర్‌కు రాతపూర్వక అభ్యంతరం ఇవ్వాలి. మూడు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ నోటిఫికేషన్ తర్వాత ఆ స్థలం అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. లోను పనులున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఒకవేళ మీ రోడ్డు జాతీయ రహదారి అయితే 1956 చట్టం వర్తిస్తుంది, అభ్యంతరానికి 21 రోజులే. మనది మున్సిపల్ రోడ్డు. బైపాస్ దగ్గరి షాపుల వాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

డబ్బు లెక్క మా 11 గజాలతోనే వేసి చూపిస్తాం. గజం 25,000 అనుకుందాం (ఇది లెక్క కోసం పెట్టిన అంకె మాత్రమే), భూమి 2,75,000. పోయే గోడ, స్లాబ్, షట్టర్ విలువ 1,25,000 అనుకుంటే మొత్తం 4,00,000. భూమి విలువను హెచ్చించే గుణకం పట్టణంలో 1 కాబట్టి అంతే ఉంటుంది. పల్లెల్లో 1 నుంచి 2 దాకా ఉంటుంది. దాని మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము), మరో 4,00,000. భూమి విలువ మీద ఏటా 12 శాతం చొప్పున ఒక ఏడాదికి 33,000. అన్నీ కలిపితే 8,33,000. అదే స్థలాన్ని "ఆక్రమణ, స్వచ్ఛందంగా తొలగిస్తున్నాను" అన్న కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేస్తే వచ్చేది సున్నా. గజం రేటు రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ దగ్గరే ఆగక్కర్లేదు. 26వ సెక్షన్ ప్రకారం చుట్టుపక్కల మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా తీయాలి. రెండింట్లో ఎక్కువ ఉన్నదే లెక్కలోకి వస్తుంది. ఆ దస్తావేజుల సీసీ కాపీలు (రిజిస్ట్రేషన్ ఆఫీసు ధ్రువీకరించిన నకళ్లు) తెచ్చుకోవడం మీ పని.

షాపులవాళ్లు ఎక్కువగా వదిలేసుకునేవి ఇంకో రెండున్నాయి. వ్యాపారం వేరేచోటికి మార్చాల్సి వస్తే అయ్యే సమంజసమైన ఖర్చు, మిగిలిన ముక్క విలువ తగ్గితే ఆ నష్టం 28వ సెక్షన్ కింద అడగవచ్చు. కట్టడంలో కొంత భాగమే తీసుకుంటే మిగిలింది దేనికీ పనికిరాదనుకున్నప్పుడు, మొత్తం తీసుకోమని 94వ సెక్షన్ కింద కోరవచ్చు. 10 అడుగుల లోతున్న పాన్ డబ్బా, మొబైల్ షాపుల వాళ్లకు ఇది ప్రాణం లాంటిది.

అద్దెకున్న అన్నలూ అక్కలూ, మీకు ఏమీ రాదని ఓనర్ చెప్తే నమ్మకండి. అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ దాని మీదే బతికే కిరాయిదారు కుటుంబం కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. చిన్న వ్యాపారులకు ఒకసారి ఇచ్చే సాయం కనీసం 25,000 అని రెండో షెడ్యూల్లో ఉంది. మూడేళ్లకు రుజువు మీ 11 నెలల అగ్రిమెంట్లే. పాతవి పారేయకండి. పోయినవాటి బదులు పాత తేదీతో కొత్తవి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. మేము రాయం. స్టాంపు పేపర్ వెనక అమ్మిన తేదీ ఉంటుంది, ఆ ఒక్క కాగితంతో మీ ఫైలు మొత్తం అనుమానంలో పడుతుంది. అద్దె పంపిన ఫోన్‌పే రికార్డు, ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్స్ తెండి, అవి చాలు.

సంతకం పెట్టే ముందు ఆగాల్సిన చోట్లు చెప్తాం. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి ఒప్పందం మీద భూమి తీసుకునే సవరణ ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టాక ఎక్కువ ఇమ్మని అడిగే దారి మూసుకుపోతుంది. డబ్బు బదులు టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకునే, అమ్ముకునే హక్కు) ఇస్తామంటే అది ఒక సర్టిఫికెట్ మాత్రమే. కొనే బిల్డర్ దొరికితేనే డబ్బవుతుంది, ధర బజారును బట్టి మారుతుంది. పెద్ద స్థలం వాళ్లకు అది నప్పవచ్చు. 11 గజాల వాళ్లకు డబ్బే నయమని మా అభిప్రాయం. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టర్ ఉత్తర్వు) వచ్చాక చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రసీదు మీద మీ చేత్తో రాయండి. 77వ సెక్షన్ ప్రకారం అది లేకుండా తీసుకున్నవాళ్లు పరిహారం పెంచమని అడగడానికి వీల్లేదు. అవార్డు ఇచ్చే రోజు మీరు హాజరైతే, ఆ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే.

రోడ్డే వద్దని కోర్టుకు పోదామనేవాళ్లకు ఒక మాట. ప్రజా ప్రయోజనం లేదని చెప్పి రోడ్డును ఆపించడం చాలా అరుదు. ఇరుకు రోడ్డు వెడల్పవడం మనకూ కావాల్సిందే, అంబులెన్స్ ఇరుక్కుపోవడం రోజూ చూస్తున్నాం. కొలత, పద్ధతి, డబ్బు, ఈ మూడింటి దగ్గర నిలబడితే ఫలితం ఉంటుంది. 38వ సెక్షన్ ప్రకారం పూర్తి పరిహారం చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలి.

మేము లాయర్లం కాదు, హైకోర్టులో రిట్ వేయాలంటే లాయరు దగ్గరికే వెళ్లాలి. సమాచార హక్కు దరఖాస్తు, 15వ సెక్షన్ అభ్యంతరం, హద్దుల పోలిక పట్టిక మాత్రం మేము టైప్ చేసి ఇస్తాం. మెయిన్ రోడ్డు షాపుల వాళ్లకు టైపింగ్ ఉచితం, జిరాక్స్‌కు మామూలు రేటు. ఆదివారం ఉదయం 10 నుంచి 1 దాకా వెనక గదిలో ఉంటాం. ఒరిజినల్స్ ఇంట్లోనే పెట్టి, దస్తావేజు అన్ని పేజీల జిరాక్స్, గీత, దాని పక్కన రాసిన అంకె కనిపించేలా తీసిన ఫోటో, షట్టర్ నుంచి గీత దాకా మీరే టేపుతో కొలిచిన అడుగుల లెక్క తీసుకురండి.