అన్నిటికీ ఒకటే ‘ఒంటరి’యా?

సంపాదకులకు,

ఆమధ్య మీ ఇంగ్లీషు పర్యాయపదాల శీర్షికలో అలోన్, లోన్లీ, లోన్, సాలిటరీ, ఐసొలేటెడ్ అన్నిటికీ ఎదురుగా ‘ఒంటరి’ అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకున్నారు. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు.

పక్కన ఎవరూ లేకపోతే అలోన్. ‘ఆల్’, ‘వన్’ కలిసి పుట్టిన ఆ మాటలో ఏడుపేమీ లేదు. తలుపు వేసుకుని హాయిగా పుస్తకం చదువుకునే మనిషి అలోన్. కిక్కిరిసిన సభలో పలకరించే దిక్కులేక ఫోను తెరిచి మూసే మనిషి లోన్లీ. ఇక లోన్ (బ్యాంకువారి లోన్ కాదు, కంగారుపడకండి) నామవాచకానికి ముందే వస్తుంది, అలోన్ అలా రాదు. మైదానంలో ఒక్కటే చెట్టుంటే అది లోన్ ట్రీ. లోన్లీ ట్రీ అన్నామంటే మన దిగులు దానికి అంటగట్టినట్టే. ఐసొలేటెడ్ మూలం లాటిన్‌లో ద్వీపం అనే మాట. తరచుగా ఎవరో, ఏదో వేరుచేసిన జాడ అందులో ఉంటుంది. కోరి తెచ్చుకున్న సాలిట్యూడ్‌కు మనకు ‘ఏకాంతం’ ఉండనే ఉంది. మీరేమో దాన్ని తీసుకెళ్లి సాలిటరీ కన్‌ఫైన్‌మెంట్‌కు తగిలించి ‘ఏకాంతవాసం’ అని రాస్తారు, ఖైదీ ఏదో తపస్సుకు కూర్చున్నట్టు! రోజుకు 22 గంటలు, అంతకు మించి సరైన మానవ సంబంధం లేకుండా ఉంచడమే అదని ఖైదీలను ఎలా చూడాలో చెప్పే 2015 నాటి ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు చెబుతున్నాయి. వరసగా 15 రోజులు దాటితే నిషిద్ధం కూడా.

అధికారులు మీకేమీ తీసిపోరు. కరోనా రోజుల్లో జబ్బు పడినవారి ఐసొలేషన్‌కూ, జబ్బు సోకిందేమోనని ఆపి ఉంచే క్వారంటైన్‌కూ తేడా లేకుండా ప్రకటనలు గుప్పించారు. జనం ఏమి అర్థం చేసుకోవాలి? జపాన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అమలవుతున్న చట్టం పేరులోనే లోన్లీనెస్‌నూ ఐసొలేషన్‌నూ విడివిడిగా పెట్టుకున్నారు. ఒకటి మనసు సంగతి, రెండోది సంబంధాలు తెగిపోవడం. రెంటికీ మందు ఒకటి కాదని వాళ్లకు తెలుసు. ఇక్కడ పోటీ పరీక్షల గైడ్లలో మాత్రం అలోన్‌కు సమానార్థకం లోన్లీ అని టిక్కు పెడితేనే మార్కు. ఆ గైడ్లు రాసేవారే మీకూ రాస్తున్నారేమోనని నా అనుమానం.

వచ్చే వారం ‘దుఃఖం’ వంతు అని ప్రకటించారు. ఈసారైనా ఎవరో ఒకరు నిఘంటువు తెరిచి చూశాకే అచ్చుకు పంపండి.

– మీ పాత చందాదారు