కాఫీ గింజలు కొనే చోటు ఎందుకు మార్చుకున్నామంటే

మా దగ్గర కాఫీ గింజలు కొనుక్కుని ఇంట్లో అప్పటికప్పుడు పొడి చేసుకుని కాచుకునే వారందరికీ నమస్కారం.

గత కొన్ని నెలలుగా మీలో పలువురు ఒకే ఫిర్యాదును వేరు వేరు మాటల్లో చెబుతూ వచ్చారు. కాఫీలో ఎండుకర్ర రుచి వస్తోందని ఒకరు, గోనె సంచి వాసన కొడుతోందని మరొకరు రాశారు. లోపమేమిటో చెప్పలేకపోతున్నాను గాని పోయినసారి గింజలకూ ఈసారి గింజలకూ పోలికే లేదని ఇంకొకరు అన్నారు. అప్పుడు మేమిచ్చిన జవాబు సరైనది కాదు. పొడి ఇంకాస్త మెత్తగా చేసుకోండని, నీటి వేడి సరిచూసుకోండని చెప్పి ఊరుకున్నాము. లోపం మా గింజల్లోనే ఉంది. అది ఎలా బయటపడిందో, అందులో మా తప్పు ఎంతో, ఇకమీదట గింజలు ఎక్కడినుంచి ఏ పద్ధతిలో తెస్తామో మీకు చెప్పవలసిన బాధ్యత నాది.

పచ్చి గింజలు వచ్చిన ప్రతిసారీ కొద్దిపాటి నమూనా తీసి, వేయించి, రుచి చూసిన తరువాత దానిని ఎలా వేయించామో, రుచి ఎలా ఉందో ఒక పుస్తకంలో రాసుకోవడం మా పద్ధతి. ఫిర్యాదులు పెరిగాక ఆ పుస్తకం తెరిచి, కొత్త సరుకును పాత లెక్క ప్రకారమే వేయించి, ఈ వృత్తిలో కప్పింగ్ అని పిలిచే పరీక్ష చేశాము. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి చొప్పున గిన్నెల్లో వేసి, సుమారు 93 డిగ్రీల వేడినీళ్లు పోసి, 4 నిమిషాలు ఆగాక పైన కట్టిన తెట్టును చెంచాతో చీల్చి వాసన చూస్తారు. ఆ తరువాత కాఫీ చల్లారుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ రుచి చూస్తారు. వేడిమీద ఉన్నంతసేపు మా కొత్త సరుకు ఫరవాలేదనిపించింది. గోరువెచ్చగా అయ్యేసరికి మీరు చెప్పిన ఎండుకర్ర రుచి స్పష్టంగా తెలిసింది. మునుపటి విడత గురించి పుస్తకంలో నేనే రాసుకున్న నిమ్మపండు లాంటి పులుపు గాని, వెనకనుంచి వచ్చే తీపి గాని అందులో జాడకైనా లేవు.

ఇది పాత పంట రుచి. పచ్చి కాఫీ గింజ నిజానికి ఒక విత్తనం. కోతకోసి, పండు మీది తోలు, గుజ్జు తీసి, గింజలో 10 నుంచి 12 శాతం తేమ మిగిలేదాకా ఆరబెట్టి నిల్వచేస్తే అది కొన్ని నెలలపాటు గుణం చెడకుండా ఉంటుంది. వేడి, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న చోట పెడితే లోపలి కొవ్వు పదార్థాలు గాలితో కలిసి మారిపోతాయి, పులుపు చచ్చిపోతుంది, గింజ రంగు నీలిపచ్చనుంచి పాలిపోయిన పసుపుకు తిరుగుతుంది. సుమారు ఒక సంవత్సరం దాటిన గింజలో, ఎంత గొప్ప తోటలో పండినదైనా, కాగితం రుచి, కర్ర రుచి తలెత్తుతాయి. ఒకసారి ఆ రుచి వచ్చాక ఎలా వేయించినా, ఎలా కాచినా అది పోదు.

మాకు సరుకు పంపే మధ్యవర్తిని గట్టిగా అడిగితే, రెండు పంటల గింజలను కలిపి పంపినట్టు ఒప్పుకున్నారు. ఆయన పేరు చెప్పను, ఎందుకంటే ఈ తప్పులో సగం మాది. మొదట్లో ఆయన దగ్గరనుంచి వచ్చిన ప్రతి బస్తాకూ విడిగా నమూనా తీసి రుచి చూసేవాళ్లం. ఏళ్లు గడిచి నమ్మకం కుదిరాక, పది బస్తాలకు కలిపి ఒక్క నమూనా చాలనుకున్నాము. పైగా ఆరు నెలలకు సరిపడా గింజలు ఒకేసారి కొని, లోపల ప్లాస్టిక్ పొర లేని గోనె సంచుల్లోనే, వేడి తగ్గించే ఏర్పాటు లేని గదిలో ఉంచాము. మధ్యవర్తి కొత్త పంటే పంపి ఉన్నా, ఆ గదిలో ఆరు నెలలుంటే అదీ చాలావరకు పాడయ్యేది.

ఇంకొక సంగతీ చెప్పాలి. రుచిలో తేడా ఉందని మాకు అనుమానం వచ్చిన తరువాత రెండు విడతలను మేము మామూలుకంటే ముదురుగా వేయించాము. గింజ సుమారు 200 డిగ్రీల దగ్గర మొదటిసారి చిటపటలాడుతుంది. అక్కడినుంచి ఇంకా ముందుకు తీసుకెళ్లేకొద్దీ గింజ సొంత రుచి తగ్గి, కాలిన తీపి, చేదు పైకి వస్తాయి, పచ్చి గింజలోని లోపం ఆ చేదు చాటున దాగుతుంది. మేము చేసినది కప్పిపుచ్చడమే అవుతుంది, అందుకు మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాను. ముదురుగా వేయించిన గింజను ఇష్టపడేవారు మీలో ఎంతోమంది ఉన్నారు, ఆ రుచిని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మంచి గింజను ఇష్టపడి ముదురుగా వేయించడం వేరు, చెడిన గింజను దాచడానికి వేయించడం వేరు.

కొత్త చోటు కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడు నేను ముందుగా మానుకున్నది దేశం పేరు చూసి మురిసిపోవడం. అరాబికా అనే కాఫీ జాతికి పుట్టిల్లు ఇథియోపియా అడవులు, ఆ దేశపు గింజల్లోని పూల సువాసన మరెక్కడా అంత తేలికగా దొరకదు. అయినా సంచి మీద ఆ దేశం పేరొక్కటే ఉంటే మనకు తెలిసేది చాలా తక్కువ. ప్రపంచంలో పండే కాఫీలో దాదాపు మూడోవంతు బ్రెజిల్ ఒక్కటే పండిస్తుంది, అంత పెద్ద పంటను ఒకే పేరుతో పిలిస్తే అందులో అద్భుతమైనదీ ఉంటుంది, నాసిరకమూ ఉంటుంది. గింజ పరిమాణం సంగతీ అంతే. అంగుళంలో 64వ వంతు కొలతగా చేసిన జల్లెడలతో గింజలను వేరుచేస్తారు. 18 నంబరు జల్లెడ మీద నిలిచిన గింజ సుమారు 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఎక్కువ వెలకు అమ్ముడుపోతుంది. ఒకే పరిమాణం ఉంటే గింజలన్నీ సమంగా వేగుతాయన్నది నిజమే. అంతమాత్రాన రుచి పెరిగిందనుకోకూడదు.

అందుకే ఈసారి ప్రతి అమ్మకందారునూ నేను మొదట అడిగిన ప్రశ్న, ఈ గింజ ఏ నెలలో కోసినది అని. ఇథియోపియాలో కోత ఎక్కువగా అక్టోబరునుంచి జనవరి వరకు, బ్రెజిల్‌లో మే నుంచి సెప్టెంబరు వరకు సాగుతుంది. ఆ తరువాత ఆరబెట్టడం, పైపొర తీయడం, ఏరడం, ఓడ ప్రయాణం కలిసి మరికొన్ని నెలలు పడుతుంది. కాబట్టి ఏడాది పొడవునా ఒకే గింజ ఒకే రుచితో దొరుకుతుందని ఎవరైనా చెబితే, అందులో పాత పంట ఎంత కలుస్తోందో అడగవలసిందే. నేనడిగిన వారిలో కొందరు కోత నెల, ఊరు, కడిగి ఆరబెట్టారా పండుతోపాటే ఎండబెట్టారా అన్నది నిమిషంలో చెప్పారు. కొందరు తోట ఎంత ఎత్తున ఉందో గొప్పగా వర్ణించి, కోత నెల దగ్గరకు వచ్చేసరికి మాట మార్చారు. వారి నమూనాలు నేను తెప్పించుకోలేదు.

వచ్చిన నమూనాల్లో ఒక్కొక్కదానినుంచి 350 గ్రాములు తూచి, తెల్లటి పళ్లెంలో పోసి, చేత్తో ఏరాను. మేలిరకం అని పిలిచేందుకు ఈ వృత్తిలో వాడుకలో ఉన్న కొలత ప్రకారం, అంత తూకంలో పెద్ద లోపమున్న గింజ ఒక్కటి కూడా ఉండకూడదు, చిన్న లోపాలు అయిదుకు మించకూడదు. పూర్తిగా నల్లబడినవి, పులిసిపోయి ఎర్రగా మారినవి పెద్ద లోపాల కిందికి వస్తాయి. విరిగినవి, చిప్పల్లాంటివి, కాయతొలుచు పురుగు సూదిమొనంత రంధ్రం చేసినవి ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి చిన్న లోపాల కింద జమకడతారు. పులిసిన గింజ ఒక్కటి చాలు, గిన్నెడు కాఫీ పాడవడానికి. పండకముందే కోసిన కాయలోని గింజ పచ్చిగా ఉన్నప్పుడు కంటికి అంతగా దొరకదు. వేయించాక మిగతావన్నీ గోధుమరంగుకు తిరిగితే అది మాత్రం పాలిపోయి మిగులుతుంది, కొరికితే వేరుశనగ పొట్టు రుచి వస్తుంది. మీరు కొన్న ప్యాకెట్లోనూ అలాంటివి కనబడితే ఏరి పారేయండి, కాఫీలో తేడా వెంటనే తెలుస్తుంది.

ఒక నమూనా నాకెంతో నచ్చింది. వారినుంచి రెండు బస్తాలు తెప్పిస్తే, అందులోని గింజ నమూనాతో సరిపోలలేదు. ఆ కాఫీ చెడ్డదేమీ కాదు, కానీ చూపించినది ఒకటి, పంపినది మరొకటి అయినచోట ఇంకొక ఏడాది గడపడం నావల్ల కాలేదు. చివరికి రెండు చోట్లు కుదిరాయి. ఇథియోపియాలో ఒక రైతుల సంఘం కడిగి ఆరబెట్టిన గింజ ఒకటి, బ్రెజిల్‌లో ఒకే తోటలో పండుతోపాటే ఎండబెట్టిన గింజ మరొకటి. మొదటిది పలుచగా, పూలవాసనతో, హాయిగొలిపే పులుపుతో ఉంటుంది. రెండవది చిక్కగా, పులుపు తక్కువగా, బాదం, కోకో రుచులతో ఉంటుంది, పాలు కలిపినా నిలుస్తుంది. రొబస్టా అనే మరో కాఫీ జాతి గింజలు కలిపే మా మిశ్రమం కొనసాగుతుంది, ఇకమీదట ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద ఉంటుంది. అరాబికాతో పోలిస్తే రొబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు ఉంటుంది, కాబట్టి అది తెలుసుకునే హక్కు తాగేవారికి ఉంది.

ప్రతి ప్యాకెట్ మీద ఇక కోత నెల, వేయించిన తేదీ రెండూ ముద్రిస్తాము. ఫలానా తేదీలోగా వాడండి అన్న మాట ఒక్కటే ఉంటే అది కొనేవారికి పనికిరాదు, ఎందుకంటే అది ఏడాది తరువాతి తేదీ అయినప్పుడు గింజ నిన్న వేయించినదో ఎనిమిది నెలల కింద వేయించినదో తెలియదు. వేగిన గింజ కొన్ని రోజులపాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉంటుంది, ప్యాకెట్ మీద కనిపించే చిన్న గుండ్రటి కవాటం ఆ వాయువును బయటకు పంపి, బయటి గాలిని లోపలికి రానివ్వకుండా ఆపడానికే. వేయించిన మర్నాడే కాచితే ఆ వాయువు నీటిని పొడిలోకి సరిగా దిగనివ్వదు, కనుక నాలుగైదు రోజులు ఆగడం మంచిది. ఎస్ప్రెసో యంత్రం వాడేవారు వారం దాటాక మొదలుపెట్టండి. అక్కడినుంచి నెల, నెలన్నర లోపు వాడుకోండి, ప్యాకెట్ విప్పాక రెండు వారాల్లో ముగించగలిగితే ఇంకా మంచిది. ఈ లెక్కంతా గింజకే. పొడి చేశాక గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి సువాసన నిమిషాల్లోనే తరగడం మొదలవుతుంది.

ఈ కారణం చేతనే కిలో ప్యాకెట్ తీసేస్తున్నాము. ఇక 250 గ్రాముల ప్యాకెట్లే ఉంటాయి. నెలకు సరిపడా గింజలు ఒకేసారి తెచ్చుకోక తప్పనివారు వాటిని చిన్నచిన్న భాగాలుగా, గాలి చొరని సంచుల్లో మూసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. బయటకు తీసిన సంచిని గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే గింజల మీద తేమ చేరుతుంది. ఫ్రిజ్‌లో మామూలు అరలో మాత్రం పెట్టకండి, అక్కడి తేమనూ వాసనలనూ గింజ పీల్చుకుంటుంది. మూత గట్టిగా బిగిసే డబ్బా ఒకటి, వెలుతురు తగలని అర ఒకటి ఉంటే రోజూ వాడుకునే గింజలకు చాలు.

పచ్చి గింజలు కూడా ఇకమీదట రెండు నెలలకు సరిపడానే, లోపల గాలి చొరని పొర ఉన్న సంచుల్లో తెస్తాము, ప్రతి బస్తాకూ నమూనా తీస్తాము. దీనివల్ల రెండు ఇబ్బందులు మీకు తప్పవు. కొన్ని వారాల్లో మీకు నచ్చిన గింజ మా దగ్గర ఉండదు, పాతదానితో నింపడం కంటే లేదని చెప్పడమే మేలనుకున్నాము. రెండవది, ధర కొంత పెరుగుతుంది. వేయించేటప్పుడు గింజ తన తూకంలో దాదాపు 15 శాతం కోల్పోతుంది, ఏరేసిన గింజల తూకం దానికి తోడవుతుంది, కొంచెం కొంచెంగా తెప్పిస్తే రవాణా ఖర్చు కూడా పెరుగుతుంది.

మా దగ్గర కొన్నా, మరెక్కడ కొన్నా, కొత్త గింజను పరీక్షించడానికి నేను వాడే పద్ధతి ఇది. అన్నిటికంటే చిన్న ప్యాకెట్ కొనండి. లీటరు నీటికి 60 గ్రాముల లెక్కన, ఎప్పుడూ వాడే నీటితో, ఎప్పుడూ కాచే తీరులోనే కాచి, మొదటిసారి పాలు, పంచదార లేకుండా రుచి చూడండి. పలుచగా, పుల్లగా ఉంటే పొడి బరకగా ఉందని, నాలుక పట్టేసేంత చేదుగా, వగరుగా ఉంటే మరీ మెత్తగా ఉందని అర్థం, మర్నాడు పొడి మార్చి చూడండి. మెత్తగా చేసినా, బరకగా చేసినా, నీళ్లు మార్చినా కాగితం రుచో కర్ర రుచో అలాగే ఉంటే, లోపం గింజలో ఉందని నమ్మి అమ్మినవారిని నిలదీయండి. మీరు ఫిర్యాదు చేసిన రోజున మేము చెప్పవలసిన మాట ఇదే.

గత అయిదు నెలల్లో మా దగ్గర తీసుకున్న ప్యాకెట్ విప్పినదైనా, సగం వాడినదైనా తిరిగి పంపండి, రానుపోను ఖర్చు మాదే. పారేసినవారు ఉంటే ఆ మాట రాసి పంపినా చాలు, బదులు ప్యాకెట్ పంపుతాము. కొత్త గింజలు వచ్చే సోమవారం వేయిస్తున్నాము, మీ ఇంటికి చేరేసరికి కాచుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. తాగేటప్పుడు ఒక గుక్కెడు గిన్నెలో మిగిల్చి, పూర్తిగా చల్లారాక రుచి చూసి, ఎలా ఉందో రాయండి. ఆ ఉత్తరాలను ఈసారి మా పుస్తకంలో మా రాతల పక్కనే అతికిస్తాను.