ఊపిరి వదలడం కూడా నేర్పండి

సంపాదకులకు,

ఊపిరితిత్తుల ఆరోగ్యం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు గుండెల నిండా గాలి పీల్చమని, ఆపగలిగినంతసేపు ఆపమని చెబుతాయి. వదలడం గురించి ‘నెమ్మదిగా వదలండి’ అని ఒక ముక్క రాసి ముగిస్తాయి. ఆయాసంతో బాధపడేవాళ్లకు చిక్కంతా ఆ వదలడం దగ్గరే ఉంటుంది.

సీవోపీడీ (గాలి దారులు ఇరుకై ఊపిరి వదలడం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లలో చిన్న శ్వాసనాళాలు పట్టు కోల్పోయి ఉంటాయి. గట్టిగా ఊదితే అవి మూసుకుపోతాయి, గాలి లోపలే చిక్కుకుంటుంది. ఉబ్బసం తీవ్రంగా ఉన్నప్పుడు నాళాలు ముడుచుకుని దాదాపు ఇదే పరిస్థితి వస్తుంది. అప్పుడు ‘ఇంకా లోతుగా పీల్చు’ అనడం నిండిన కుండలో నీళ్లు పోయమన్నట్టే. గాలి అందడం లేదని రోగికి అనిపించేది లోపల చోటు లేకపోవడం వల్ల. దానికి భయం తోడవుతుంది, భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది, వదలడానికి వ్యవధి తగ్గి మరింత గాలి చిక్కుకుంటుంది. మనసుకూ శ్వాసకూ ఉన్న లంకె నిజంగా పనికొచ్చేది ఈ చక్రాన్ని తెంపడానికే.

అందుకు మొదట నేర్పవలసింది పెదాలు బిగించి ఊదే పద్ధతి. కూర్చుని భుజాలు, మెడ వదులు చేయాలి. నోరు మూసి ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చాలి, లోతుగా అక్కర్లేదు. తర్వాత ఈల వేయబోతున్నట్టు పెదాలు పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పెదాల దగ్గరి అడ్డు వల్ల లోపల కొంత ఒత్తిడి నిలిచి, నాళాలు మూసుకోకుండా ఉంటాయి. చాలామంది బుగ్గలు ఉబ్బించి, పొట్ట బిగించి బలంగా ఊదుతారు. అలా చేస్తే నాళాలు మళ్లీ మూసుకుంటాయి, ఫలితం తలకిందులవుతుంది. మెట్లెక్కేటప్పుడు నిలబడి పీల్చి, వదులుతూ ఒకటి రెండు మెట్లు ఎక్కాలి. బరువు ఎత్తే క్షణం కూడా వదిలే ఊపిరిలోనే పడాలి. ఊపిరి బిగబట్టి వంగడం వల్లే చాలామందికి చెప్పులు తొడుక్కున్నా ఆయాసం వస్తుంది.

పొట్టతో శ్వాస రెండోది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి ఛాతీ మీద, మరొకటి బొడ్డు పైన పెట్టుకోవాలి. పీల్చినప్పుడు కింది చెయ్యి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. రోజుకు రెండు మూడుసార్లు, అయిదేసి నిమిషాలు చాలు. గాలి పీల్చకుండానే పొట్టను కండబలంతో ముందుకు తోయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. ఊపిరితిత్తులు బాగా ఉబ్బి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే శ్వాస కండరం) చదునైపోయిన రోగులకు ఈ అభ్యాసం ఆయాసం పెంచవచ్చు. వాళ్లకు ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోవడమే నయం. ఈ మినహాయింపు రాసిన వ్యాసాలు అరుదు.

నిదానంగా శ్వాసిస్తే లాభమేమిటో ఒక లెక్క చెబుతుంది. ప్రతి ఊపిరిలో సుమారు 150 మిల్లీలీటర్ల గాలి ముక్కు, గొంతు, నాళాల్లోనే ఆగిపోతుంది, రక్తానికి ఉపయోగపడదు. నిమిషానికి 20 సార్లు 300 చొప్పున పీల్చినా, 10 సార్లు 600 చొప్పున పీల్చినా మొత్తం 6 లీటర్లే. గాలిగదులకు (ఊపిరితిత్తుల్లో రక్తంలోకి ఆక్సిజన్ చేరే చిన్న తిత్తులకు) చేరేది మాత్రం మొదటి తీరులో 3 లీటర్లు, రెండో తీరులో నాలుగున్నర. ఆరోగ్యవంతులు సెకనుకొకటి చొప్పున నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. గుండె లయ కుదుటపడటానికి ఆ వేగం బాగుంటుంది. ఆయాసం ఉన్నవాళ్లను ఆ అంకెకు బలవంతంగా దించకూడదు.

వేగంగా, బలంగా ఊపిరి ఆడించే ప్రాణాయామాలు కపాలభాతి, భస్త్రిక గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వేగంగా చేసినప్పుడు తల తిరగడం, వేళ్లు, పెదాలు జివ్వుమనడం ‘ఒంట్లోకి ప్రాణవాయువు ఎక్కువగా చేరుతున్న గుర్తు’ అని నేర్పేవాళ్లున్నారు. అది తప్పు. ఆరోగ్యవంతుల రక్తంలో ఆక్సిజన్ ముందే 95 శాతానికి పైన ఉంటుంది, వేగంతో కొత్తగా చేరేది స్వల్పం. పడిపోయేది కార్బన్ డయాక్సైడ్. అది తగ్గితే మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, తల తిరుగుతుంది. అది ఆపమనే సూచన. గర్భిణులు, అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా, మూర్ఛ, గ్లాకోమా ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు వీటి జోలికి పోకూడదు. ఒకసారి ఊపిరితిత్తికి చిల్లు పడినవాళ్లు అసలే వద్దు.

తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి ప్రాణాయామం వీటికంటే సాధువైనది. ఝుంకారం వల్ల వదిలే ఊపిరి దానంతటదే సాగుతుంది. గొంతులో గీర రానంత మెల్లగా, అయిదారుసార్లు చాలు. ఝుంకారం చేస్తే ముక్కు నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ (రక్తనాళాలను వదులు చేసే వాయువు) ఎన్నో రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2002లో చూపారు. దాన్ని పట్టుకుని ‘ఊపిరితిత్తుల జబ్బులు నయం’ అని శీర్షిక పెట్టడం అతి.

ఊపిరి బిగబట్టే ‘పరీక్ష’ మరొకటి. పది సెకన్లు దగ్గకుండా ఆపగలిగితే కరోనా లేనట్టేనన్న ప్రచారం తప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఊపిరితిత్తుల పనితీరు తెలియాలంటే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి గాలి పరిమాణం, వేగం కొలిచే పరీక్ష) చేయించుకోవాలి. ఇక ఆపరేషన్ తర్వాత ఇచ్చే మూడు బంతుల పరికరాన్ని ఎందరో బెలూన్‌లా ఊదుతారు. దాన్ని పీల్చాలి. బంతులు లేపి రెండు మూడు సెకన్లు నిలపడమే అందులో వ్యాయామం.

ఈ అభ్యాసాలు కొత్త గాలిగదులను పుట్టించవు. ఉబ్బసంలో ఇవి బాధను, ఆందోళనను తగ్గిస్తాయి గానీ నాళాల వాపును తగ్గించవు. అది ఇన్‌హేలర్ మందు పని. ప్రాణాయామం మొదలుపెట్టి ఇన్‌హేలర్ మానేసినవాళ్లు తీవ్రమైన ఆయాసంతో అత్యవసర విభాగానికి చేరే ప్రమాదం ఉంది. అందుకే ఇలాంటి వ్యాసం వేసిన ప్రతిసారీ ఎవరు చేయకూడదు, ఎన్నిసార్లు చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న మూడు సంగతులూ ఫొటో కిందనే అచ్చువేయండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదాలు నీలిరంగు తిరగడం, ఛాతీలో నొప్పి కనిపిస్తే వ్యాయామం కాదు, ఆసుపత్రి అని కూడా రాయండి.

— ఒక ఫిజియోథెరపిస్టు