వాటర్ బెల్ కొట్టినా మా పిల్లలు నీళ్లు తాగడం లేదు

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయి ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. మూడు నాలుగు రోజులకోసారి గానీ దానికి విరేచనం కావడం లేదు. అయిన రోజున నొప్పికి ఏడుస్తుంది, రక్తం కూడా పడుతోంది. డాక్టరు గారు చూసి, మలబద్ధకం ముదిరి లోపల చీలిక వచ్చిందన్నారు. సిరప్ రాశారు. నీళ్లు బాగా తాగించండి, వచ్చినప్పుడు ఆపుకోనివ్వకండి అని చెప్పారు. ఆ రెండూ బడిలో కుదరడం లేదండీ.

ఆడపిల్లల మరుగుదొడ్లలో ఒకదానికే తలుపు ఉంది. దానికీ గడియ లేదు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. కుళాయిలో నీళ్లు రావు, బకెట్ మోసుకెళ్లాలి. తొందరపెడుతూ ఎవరో తలుపు కొడుతుంటే ఏ పిల్ల కూర్చోగలదు? అందుకే మా అమ్మాయి నీళ్లు తాగడమే మానేసింది. పొద్దున నింపి ఇచ్చిన బాటిల్ సాయంత్రం దాదాపు అలాగే తిరిగొస్తుంది. వేసవిలో పిల్లలకు నీళ్లు తాగమని గుర్తుచేసేందుకు మీరు వాటర్ బెల్ పెట్టించారు, మంచి పనే. కానీ తాగిన నీళ్లకు దారి చూపకుండా బెల్ కొడితే పిల్లలు తాగుతారా?

పొద్దున ఎనిమిదింటికి బస్సు. ఆ హడావుడిలో ఇంట్లో కుదరదు. తిన్న తర్వాత పేగులు కదులుతాయి కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే వస్తుంది. అప్పుడు సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంది. ఆపుకున్న కొద్దీ లోపల నీరు ఇంకి మలం గట్టిపడుతుందట. గట్టిపడితే నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం. గేటు దగ్గర నిలబడే తల్లులను అడిగి చూడండి, సగం మంది ఇదే చెబుతారు. సిగ్గుపడి పైకి చెప్పరంతే.

హెడ్మాస్టరు గారికి చెప్పాం. విద్యా కమిటీలో అడిగాం. సోమవారం అర్జీ కూడా పెట్టాం. పరిష్కరించామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. తలుపుకు గడియ మాత్రం రాలేదు. చదువుకునే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం పథకం 15 వేలలో 2 వేలు బడి నిర్వహణకని పక్కన పెట్టి, మా ఖాతాల్లో 13 వేలు వేశారు. ఆ 2 వేలు మేము అడగడం లేదు సార్. అందులోంచి ఒక గడియ, ఒక కుళాయి, రోజూ రెండు పూటలా కడిగే ఆయా రావాలి కదా! ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. గోడలు కట్టి వదిలేస్తే అది ఉన్నట్టేనా?

తిండి సంగతీ కాస్త చూడండి. సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషం. పప్పులో ఆకుకూర మాత్రం వెతికితే గానీ కనపడదు. పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఎదిగే పిల్లలకు ఆకుకూర, పీచు ఉన్న కూరలు పెట్టకపోతే ఎలా? ఆటల పీరియడ్ కూడా లెక్కలకే పోతోంది. పిల్లలు పొద్దుగూకే దాకా బెంచీ మీదే.

దయచేసి చెప్పకుండా ఒకసారి మా బడికి రండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున కాదు, ఆ రోజు అంతా కడిగి పెడతారు. మామూలు రోజున, భోజనం బెల్ అయ్యాక, ఆడపిల్లల మరుగుదొడ్ల వైపు ఒక మహిళా అధికారిని పంపించండి. ముందుగా ఆ తలుపులకు గడియలు పెట్టించండి, నీళ్లు వచ్చేలా చూడండి.

ఇట్లు,
ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి